బ్యాకప్ రోజూ వెళ్తోంది

మందుల షాపతను తలుపులోంచి తల లోపలికి పెట్టి, లైనక్స్ ఎందుకండీ, మా బావమరిది ఆఫీసులో అందరికీ విండోసే, చక్కగా నడుస్తోంది అని చెప్పి పోయాడు.

కంప్యూటరాయనకి ఒళ్ళు మండింది.

ఆ కంటి ఆసుపత్రిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. సర్వరు దగ్గర్నుంచి ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం దాకా అన్నీ ఆయన నెత్తినే. ఇవాళ పేషెంట్ల లెక్కలన్నీ ఉన్న పాత సర్వరు తుడిచేసి లైనక్స్ ఎక్కించాలి. ఆ సంగతి బయటికి పొక్కిన దగ్గర్నుంచి ఒక్కొక్కరూ వచ్చి బుర్ర తినడమే. మా అబ్బాయి మ్యాక్ వాడతాడు, దానికి వైరస్సే రాదట అని అకౌంట్సు ఆవిడ. ఉన్నది బాగానే ఉందిగా, కదపడం దేనికి అని అంబులెన్సు డ్రైవరు. డాక్టరు కత్తి పట్టుకుంటే, ఆ కత్తి కాదు ఈ కత్తి వాడండి అని వీళ్ళు చెప్తారా? కంప్యూటర్ అనేసరికి మాత్రం ప్రతివాడూ పండితుడే. విసుగెత్తి ఫోను కూడా ఎత్తడం మానేశాడు.

పైగా ఇవాళ ఆయనకి తొందరుంది. సొంత అక్క వచ్చి కింద కూర్చుంది.

బట్టలు కుట్టుకుని బతికే మనిషి. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తరిగిపోతోంది. ఆరేళ్ళుగా ఇక్కడే పరీక్షలు. ఆ రీడింగులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ, ఆపరేషన్ కావాలో చుక్కల మందు చాలో తేలదు. మధ్యాహ్నం తేల్చి చెప్తానంది డాక్టరమ్మ. ఈలోగా పని ముగించుకుని అక్క పక్కన ఉండాలని ఆయన ఆత్రం.

సరిగ్గా అప్పుడే ఒకావిడ తలుపు తోసుకుని వచ్చింది. అరవై దాటి ఉంటాయి.

"తలుపు మీద రాసింది కనబడలేదా అమ్మా?"

"సరిగ్గా కనబడదు బాబూ" అంటూనే సర్వరు దగ్గరికి వెళ్ళి, తెరకు ముక్కు ఆనించినంత పని చేసింది. "దీన్ని తుడిచేస్తున్నావట కదా."

ఇంకో పండితురాలు.

"అవును. ఏది ఎక్కించాలో మీరూ చెప్తారా?"

"నీకు ఏది చేతనైతే అది ఎక్కించుకో నాయనా, దానిదేముంది. పాత రీడింగులు ఎక్కడున్నాయి?"

"బ్యాకప్‌లో. రోజూ వెళ్తోంది."

"వెళ్ళడం సరే. ఎప్పుడైనా తెరిచి చూశావా?"

చూడలేదు. ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే 'బ్యాకప్ పూర్తయింది' అని పచ్చరంగులో వస్తుంది. ఆ పచ్చరంగు చూసుకుని ఆయన టీకి వెళ్తాడు. ఊరూ పేరూ తెలియని మనిషి వచ్చి సరిగ్గా అక్కడే వేలు పెట్టేసరికి ఆయనకి తిక్కరేగింది.

"అమ్మా, మీకో దణ్ణం. పొద్దున్నుంచీ ఇదే గోల. నా పని నన్ను చేసుకోనివ్వండి."

"ఒక్క పావుగంట ఆగు బాబూ. ముందు అందులోంచి ఒకటి తీయాలి..."

ఆయన లేచి, తలుపు బార్లా తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఆవిడ గోడ తడుముకుంటూ బయటికి నడిచింది.

తుడిచెయ్యమంటారా అని తెర అడుగుతోంది. ఆ కోపంలోనే అవునని నొక్కాడు.

పదకొండున్నరకల్లా లైనక్స్ ఎక్కింది. చకచకా నడుస్తోంది. మందుల షాపతన్ని పిలిచి చూపించాలన్నంత హుషారు వచ్చింది ఆయనకి. బ్యాకప్‌ని కొత్త ప్రోగ్రాంలోకి తెచ్చి, ముందుగా అక్క నంబరు కొట్టాడు.

పేరు వచ్చింది. తేదీలు వచ్చాయి. రీడింగులు ఉండాల్సిన చోట అన్నీ పిచ్చి గుర్తులు.

ఇంకో పేషెంటు నంబరు కొట్టాడు. అదీ అంతే. వరసగా ఇరవై కొట్టి చూశాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ గదిలో, అక్క ఎదురుగానే, జరిగింది చెప్పాల్సి వచ్చింది.

"ఆ అంకెలకి తాళం వేసి ఉంటుందయ్యా" అంది డాక్టరమ్మ. "తాళంచెవి ఫైలు ఆ పాత డిస్కులో ఒక్కదాంట్లోనే ఉంది, బ్యాకప్‌లోకి రాదు. అది తీశాకే కదా తుడిచావు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నా లెక్కలు పోయాయట్రా?" అంది అక్క.

"పోయాయక్కా."

"ఆరేళ్ళు నన్ను తిప్పావు. ఇప్పుడు ఈ కన్ను కోయించుకోనా, వద్దా? నువ్వు చెప్తావా?"

అక్క మొహం చూడలేక ఆయన డాక్టరమ్మ మీదకి తిరిగాడు. ఇంత సంగతి ఉందని నాకు ఒక్కరైనా చెప్పారా అని గొంతు పెంచాడు.

"ఫోను చేస్తే ఎత్తవు. చెప్పడానికి మనిషినే పంపాను కదయ్యా. ఆ తాళంచెవి తీసి నీ చేతిలో పెట్టి పోతానని, పాపం తెల్లారుతూనే బస్సెక్కి వచ్చింది."

"ఎవరండీ ఆవిడ?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పడేసింది.

"నువ్వు ఈ ఉద్యోగంలోకి రాకముందు, తన చూపు పోతోందని తెలిసి, ఎంత పోతోందో లెక్క చూసుకోవడానికి ఈ రీడింగుల పాత ప్రోగ్రాం తనే రాసుకుని, మీ అక్కలాంటి వాళ్ళకి పనికొస్తుందని మనకి ఊరికే ఇచ్చిన మనిషి."