నీడ కొలత

నేను పనిచేసే అమ్మగారి కోటలో పడమటి బురుజు ఎన్నిసార్లు కట్టినా బీటలు వారుతూనే ఉంది. మా కార్పాతియన్ కొండల్లో అలాంటి గోడకు ఒకటే మందు. మనిషి నీడను నూలుతో కొలిచి, ఆ నూలును రాళ్ల మధ్య పెట్టి కట్టేస్తారు. ఎవరి నీడ గోడలోకి పోతుందో వాళ్లు మంచు కరిగేదాకా బతకరు.

ఆ రాత్రి అమ్మగారు నా ముందే మేస్త్రీతో అంది: "దీని నీడ చాల్లే, తోడేర్. దిక్కూ మొక్కూ లేనిది, అడిగేవాళ్లెవరు? దీపం ఎత్తి పట్టుకోవే, రుక్సాండా."

పట్టుకున్నాను. కొలత దగ్గరుండి చూడాలని ఆవిడ నాకూ గోడకూ మధ్య నిలబడింది. నా నీడ నా వెనక చీకట్లో కలిసిపోయింది. గోడ మీద ఉన్నది ఒక్క నీడే. జన్మలో దీపం పట్టుకుని ఎరగని మనిషికి అది ఎవరిదో తెలియలేదు.

తోడేర్ నా వైపు చూశాడు. నేను దీపం కదపలేదు. అతను కొలిచి నూలు తెంచాడు. చివరి రాయి కూర్చున్న చప్పుడు విని ఆవిడ నవ్వింది.

మెట్లెక్కుతూ ఆవిడ ముందు, దీపంతో నేను వెనక. వెలుగు అడ్డమేమీ లేనట్టు పై మెట్టు దాకా పరుచుకుంది.

"ఏమే, ఇవాళ మెట్లన్నీ ఇంత తెల్లగా కనిపిస్తున్నాయేం?"

"వత్తి పెంచానమ్మగారూ. చూసుకుని నడవండి."