ఒంటరిగా మొదటి చుట్టు

నేను విమానాశ్రయం టవర్‌లో కంట్రోలర్‌ని. ఆ ఆదివారం ఉదయం రన్‌వే మీద దిగడానికి రెండు విమానాలు ఒకేసారి వచ్చాయి. ఒకదాంట్లో నూట ఎనభై మంది. రెండోది ఫ్లయింగ్ క్లబ్ వాళ్ళ బుల్లి విమానం, అందులో శిష్యుడొక్కడే.

పెద్దదాన్ని ఇంకో చుట్టు తిరిగి రమ్మన్నాను. కెప్టెన్‌గారికి ఒళ్ళు మండింది.

"ఆ గాలిపటం కోసం నన్ను ఆపుతారా?"

"పక్కన గురువు లేకుండా ఎగరడం ఇదే మొదటిసారి మేడమ్."

"అయితే వాణ్ణి ఇంట్లో కూర్చోమనండి!"

మా రేడియోలో ఒకరి మాట అందరికీ వినబడుతుంది. అంతదాకా హుషారుగా ఉన్న శిష్యుడు, "టవర్... దిగడానికి వస్తున్నాను" అన్నాడు నీళ్ళు నములుతూ.



"టవర్, నాకు తొందరేం లేదు" అంది కెప్టెన్ మెత్తగా. "రెండు చుట్లయినా తిరుగుతాను. ముందు ఆయన్ని దింపండి."

ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి ఊడిపడిందా అనుకున్నాను.

బుల్లి విమానం నేలను తాకి గెంతింది, మళ్ళీ గెంతింది, మూడోసారికి బుద్ధిగా కుదురుకుంది.

"దిగారా?"

"మూడుసార్లు దిగారు మేడమ్."

"హమ్మయ్య! ఇక నేను వచ్చేదాకా హ్యాంగర్ దగ్గర్నుంచి కదలొద్దని చెప్పండి. ప్రతి ఆదివారం క్షవరానికని వెళ్తాడు మా ఆయన. నెత్తిన పట్టుమని పది వెంట్రుకలు లేవు!"

విన్న ఆజ్ఞని తిరిగి అప్పజెప్పడం పైలట్లకు నియమం. నేనింకా నోరు తెరవకముందే బుల్లి విమానం పలికింది.

"హ్యాంగర్ దగ్గరే ఉంటాను. కదలను."