రెండు దమ్ములు

ఆ రోజు ఇంట్లో ఐదుగురు ఉన్నారు. ముందు గదిలో నాన్న, ఆయన బీపీ చూస్తున్న ఆసుపత్రి నర్సు, పక్కింట్లో పేపరు చదివి అప్పుడే తిరిగొచ్చిన మేనత్త. వంటింట్లో అమ్మ. కొత్తవాళ్ళు వస్తే ఎప్పటిలాగే తలుపు చాటున కూతురు గువ్వ. నిజానికి మేనత్తకు చదువు రాదు. ఇంట్లో కాఫీ మానేసిన దగ్గర్నుంచీ ఆమెకు పక్కింటి పేపరు మీద మక్కువ పుట్టింది.

"ఇదే ఆఖరి పరీక్ష," అంది నర్సు, మూత ఉన్న చిన్న సీసా నాన్న చేతికిస్తూ. "ఇందులో మూత్రం పట్టివ్వండి. సిగరెట్ తాగారో లేదో ఈ కాగితం పట్టీ చెప్పేస్తుంది. తాగకపోతే సోమవారం బరువు తగ్గించే ఆపరేషన్. తాగి ఉంటే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి."

"ఆరు నెలలు ఆగేలా ఉందా వీడి గుండె?" అంది మేనత్త. "నాలుగు మెట్లెక్కితే కొలిమితిత్తే. డ్యూటీలో బస్సు స్టీరింగ్ ముందు కూర్చుంటే పొట్ట తగిలి హారన్ దానంతటదే మోగుతోందట!"

నర్సు నవ్వింది. "కాఫీ కూడా మానేశారుగా?"

"నలభై రోజులైంది," అంది మేనత్తే. "మొదటి వారం తలకి గుడ్డ కట్టుకుని పడుకున్నాడు. అయినా ముట్టలేదు. మా వాడు అనుకుంటే అంతే!"

నాన్న నవ్వలేదు. సీసా పట్టుకుని స్నానాల గది వైపు నడుస్తూ, రమ్మన్నట్టు గువ్వకు కళ్ళతో సైగ చేశాడు.

"నిన్న డిపోలో కండక్టరు సిగరెట్ వెలిగించాడమ్మా," అన్నాడు గుసగుసగా. "రెండు దమ్ములు లాగాను. రెండే. నీ మీదొట్టు."

గువ్వ ఒక్క అడుగు వెనక్కి వేసింది.

"మీ అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు." సీసాను ఆమె చేతిలో పెట్టాడు. "ఇందులో... నువ్వు పట్టివ్వు."

"తప్పు నాన్నా."

"తప్పే. నాకు తెలీదా? కూతుర్ని ఇలాంటిది అడిగే తండ్రి ఎక్కడైనా ఉంటాడా? కానీ ఆరు నెలలు నేను... నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను తల్లీ?"

కుదరదని చెప్పేద్దామని గువ్వ నోరు తెరిచింది. నాన్న కళ్ళలో నీళ్ళు చూసి మూసేసుకుంది. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. కుళాయి నీళ్ళు పట్టేద్దామనుకుంది. నర్సు సీసా ముట్టుకోగానే చల్లగా తగిలి తెలిసిపోతుంది. ఇంకేమీ తోచలేదు. సీసా నింపి, బయటికొచ్చి తల వంచుకుని అందించింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నాన్న సీసాతో లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆయనే పట్టినట్టు కనబడాలి కదా.

ఏడుపు ఆపుకోలేక గువ్వ వంటింట్లోకి పరుగెత్తింది.

ఆపరేషన్ తర్వాత నాన్న కొంచెం కొంచెంగా తినడానికి కొన్న చిన్న చిన్న గిన్నెలను అమ్మ కడిగి వరసగా బోర్లిస్తోంది.

"అమ్మా, నాన్న ఆపరేషన్ ఆగిపోతుంది."

"ఛీ, అదేం మాటే?"

"నాన్న నిన్న రెండు దమ్ములు లాగాడట. నన్ను పట్టివ్వమన్నాడు. ఇచ్చేశాను."

అమ్మ చేతిలోని గిన్నె అలాగే ఉండిపోయింది. "సిగ్గు లేదూ ఈ మనిషికి! పిల్ల చేత చేయించే పనా ఇది?" అంది. అంతలోనే గొంతు తగ్గించింది. "సరేలే, ఇచ్చావుగా. నీదైతే పరీక్షలో తప్పేం రాదు. ఎందుకేడుస్తావు? పాపమేదైనా ఉంటే మా ఇద్దరికీ."

"వస్తుందమ్మా!"

"ఏమొస్తుంది?"

గువ్వ నేల చూపులు చూసింది. "నాన్న దాచుకున్న సిగరెట్ పెట్టెలన్నీ వెతికి పారేయమని నాకే చెప్పావు కదా. పారేద్దామనే డాబా మీదికి తీసుకెళ్ళాను. మానలేక ఇంత అవస్థ పడుతున్నాడు, ఇందులో ఏముందో చూద్దామని ఒకటి వెలిగించాను."

"ఒకటేనా?"

"అప్పుడు ఒకటే. ఇప్పుడు రోజుకి రెండు, మూడు. ఈ పొద్దున కూడా..."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తర్వాత ఎంతైనా కొట్టు. ముందు వెళ్ళి ఆ పరీక్ష ఆపించమ్మా. సీసా నాదని చెప్పేయ్. నాన్నకి ఏమన్నా అయితే నావల్లే అవుతుంది."

అమ్మ తడి చేతులతోనే గుమ్మం వైపు పరుగు తీసింది. అప్పుడే ముందు గదిలోంచి నర్సు గొంతు వినిపించింది. "చాలా బాగుందండీ! పొగాకు జాడే లేదు. సోమవారం పొద్దున్నే వచ్చేయండి."

మేనత్త చప్పట్లు కొట్టింది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూస్తూ నిలబడిపోయారు.

నాన్న ఆయాసపడుతూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ ముఖం చూడగానే ఆయనకు సంగతి అర్థమైంది.

"నీకు చెప్పేసిందా? పోనీలే, మంచిదే." కూతురి వైపు తిరిగాడు. "ఏడవకు తల్లీ. నువ్వలా తల వంచుకుని వెళ్ళిపోతే నాకు మనసొప్పలేదు. నీది పారబోసి నాదే ఇచ్చాను. పోతే ఆపరేషన్ పోతుంది, బంగారంలాంటి పిల్లకి నా మరక ఎందుకు అంటించాలి అనుకున్నాను. రెండు దమ్ములేగా, ఆ పట్టీకి అందినట్టు లేదు."

"నాన్నా, నేను..." అంది గువ్వ.

"పదండి, సిస్టర్ ఎదురుచూస్తోంది," అంటూ అమ్మ ఆయన భుజం పట్టుకుని బయటికి నడిపించింది. వెనక్కి తిరిగి కూతురి ముఖం మీదే తలుపు మూసేసింది.