తప్పుల కిరీటం

పిచ్చుక ఆరోజు బడికి రెండు కాళ్లకీ రెండు రకాల చెప్పులు వేసుకొచ్చింది.

ఒకటో తరగతి గొల్లున నవ్వింది. ఆ పిల్ల తల దువ్వుకోలేదు. గుండీలు ఒక కాజా బదులు ఇంకో కాజాలో పెట్టుకుంది. గౌను అంచు సబ్బునురగ ఎండి అట్టకట్టుకుపోయింది.

"మీ ఇంట్లో అద్దం లేదేంటే?" అన్నాడు బొండాం, ఆ క్లాసు అల్లరి పిడుగు.

పిచ్చుక బెంచీ కిందకి దూరిపోయింది.

టీచరమ్మ ప్రాణం ఉసూరుమంది. రెండు నెలల కిందట ఆ పిల్ల క్లాసులో గౌను తడుపుకుంది. అందరూ నవ్వారు. అంతే, ఆనాటి నుంచి నోరు పడిపోయింది. తప్పు పోతుందేమోనని పలక మీద గీత కూడా గియ్యదు. "నెలాఖరుకి మాట్లాడకపోతే పంపించెయ్యండి, మనవల్ల కాదు" అని హెడ్మాస్టరు తేల్చిపారేశాడు. ఇవాళే నెలాఖరు.

తల్లి లేని పిల్ల. తండ్రి లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ స్కూటరు మీద తనే దింపుతాడు. తప్పు చేస్తే తిట్టకండి, నవ్వు కథలు చెప్పండి అని టీచరమ్మ బతిమాలితే, "రోజూ పడుకునేముందు చెబుతూనే ఉన్నానమ్మా, అది నా ప్రాణం" అన్నాడు. ఇవాళ పాపం ఏ తొందరలో ఉన్నాడో, గేటు దగ్గర కనబడలేదు.

శుక్రవారం చివరి గంట కిరీటం గంట. ఎవరైనా సరే ఎర్ర కుర్చీలో కూర్చుని, తాము చేసిన తప్పు నవ్వొచ్చేలా చెప్పాలి. చెప్పినవాళ్లకి అట్టకిరీటం. మొదట టీచరమ్మే చెబుతుంది. బస్సులో పక్కావిడ సంచి తనదనుకుని ఇంటికి తెచ్చేసిందట. తెరిస్తే లోపల పళ్లసెట్టు!

ఇవాళ ఆవిడ ఇంకో పని కూడా చేసింది. ఆయా చెప్పు ఒకటి, తన చెప్పు ఒకటి తొడుక్కుని టపటపలాడించుకుంటూ వచ్చింది.

"అయ్యో, నాకూ రెండు రకాలే! ఇంకెవరైనా ఉన్నారా నాకు తోడు?"

పిల్లలు విరగబడి నవ్వారు. బెంచీ కింద నుంచి చిన్న తల ఒకటి బయటికొచ్చింది. కాసేపు ఆ చెప్పులకేసి చూసింది. తర్వాత నెమ్మదిగా నడిచొచ్చి ఎర్ర కుర్చీ ఎక్కింది.

"నేనూ తప్పు చేశా టీచర్."

టీచరమ్మ గబుక్కున కుర్చీ పక్కన చతికిలబడింది. గుమ్మంలోకి వచ్చిన హెడ్మాస్టరు అక్కడే ఆగిపోయాడు.

"చెప్పు తల్లీ! ఎంత పెద్ద తప్పైతే అంత గొప్ప."

"నిన్న సాయంత్రం బొమ్మకి స్నానం చేయించా. గదంతా సబ్బునీళ్లే. తుడవమన్నాడు నాన్న. మర్చిపోయా."

"ఆఁ, తర్వాత?"

"నాన్న వచ్చి జర్రున జారాడు! రెండు కాళ్లూ పైకి! బకెట్టు ఎగిరి నెత్తిమీద బోర్లా పడింది! టోపీలాగా!"

బొండాం నేల మీద పడి దొర్లాడు. హెడ్మాస్టరు కూడా ఆపుకోలేకపోయాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే పిచ్చుక ఒక్కొక్కళ్ల మొహం చూసింది. ఎవరూ వెక్కిరించడం లేదు. అప్పుడు తనూ నవ్వింది, రెండు నెలల తర్వాత.

టీచరమ్మకి కళ్లనీళ్లు ఆగలేదు. కిరీటం తీసి ఆ చిక్కుల జుట్టు మీద పెట్టింది.

"చూశావా, ఇంత మంచి కథ కడుపులో దాచుకున్నావేంటే? ఇంకెవరికీ చెప్పలేదూ?"

"ఉహూఁ. నవ్వుతారని."

"మరి నాన్న తిట్టాడా?"

పిచ్చుక కిరీటం జారకుండా రెండు చేతులా పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"లేదు టీచర్, రాత్రి నాకొచ్చిన నవ్వు కథలన్నీ చెప్పినా నాన్న లేవనే లేదు, పొద్దున ముట్టుకుంటే చల్లగా ఉన్నాడని నా దుప్పటి కప్పి వచ్చా."