ఏం వాసన, పిల్లా?

"గడ్డి," అన్నాడు ఒలింతో, వేప్‌ను, అంటే ఆ ఈ-సిగరెట్‌ను, బల్ల మీద పెడుతూ.

కూతురు ఒర్నెల్లా ముఖం చిన్నబోయింది. ఇది నాలుగో సీసా.

"సరిగ్గా పీల్చావా నాన్నా?"

"పీల్చానమ్మా. నాకన్నా మన ఆవుకి బాగా నచ్చుతుంది."

చుట్ట ముట్టుకుంటే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు తేల్చి చెప్పాడు. ఒలింతో చుట్ట మానాడు గానీ, కొట్లో దొరికే వేప్ రుచులు ఆయనకు పడలేదు. "నా పొలం ఆకు రుచి ఉంటేనే ఇది. లేదంటే నా చుట్ట నాది," అని పంతం పట్టాడు.

అందుకే ఒర్నెల్లా ఇంటి పొగాకును సన్నగా తరిగి, గ్లిజరిన్‌లో నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో ఉంచి సారం దింపుతోంది. ఎంత వేడి, ఎన్ని గంటలు, అన్నీ ఫోన్‌లో చూసి కాగితం మీద రాసుకుంది. రాసుకున్నట్టే చేసింది. అయినా గడ్డే.

ఆ అక్టోబరులో పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్టంలో పొగ పెట్టే పనికి ఎలీదె వచ్చింది. అరవై దాటిన మనిషి. వేలాడదీసిన పచ్చాకు కింద, మంట లేవకుండా ఓక్ దుంగలు రాజేస్తూ కూచునేది. ఎవరో, ఏ ఊరో ఎవరూ అడగలేదు.

మూడో రోజు వంటింట్లో సీసాలు చూసింది.

"నేనూ ఒకటి పెట్టి చూడనా?"

"మీ ఇష్టం," అంది ఒర్నెల్లా ముభావంగా.

ఆ రోజు నుంచీ పొద్దునా సాయంత్రం సీసా మూత తీసి ఒర్నెల్లా ముక్కు కింద పెట్టేది.

"ఏం వాసన, పిల్లా?"

"పొగాకు వాసన."

"అది అందరూ చెబుతారు. ఇంకా?"

"తడిసిన తోలు. అడుగున కాస్త పులుపు."

"నిన్నటికన్నా ఎక్కువా, తక్కువా?"

"తెలీకనా అడుగుతున్నారు?"

ఎలీదె నవ్వేది. "చెప్పు పిల్లా, చెప్పు."

తనకు పరీక్ష పెడుతోందని ఒర్నెల్లాకు ఒళ్లు మండేది. విసుక్కుంటూనే చెప్పేది.

పన్నెండో రోజు అంది: "పులుపు పోయింది. కాల్చిన చెస్ట్‌నట్ కాయ తొక్క వాసనొస్తోంది. ఇక చాలా?"

"చాలు!" ఎలీదె గబగబా లేచి, కాఫీ వడపోసే కాగితంలో సారాన్ని రెండుసార్లు వడకట్టింది.

ఒలింతో ఒక్కసారి పీల్చి కళ్లు మూసుకున్నాడు.

"ఇదీ! మన బ్యారన్ తలుపు తీసినట్టుంది. ఎలీదె, నీ చేతికి దండం పెట్టాలి."

"చెయ్యి నాదే గానీ..."

"ఆ మొహమాటమే వద్దంటాను. ఇటు రా, పొయ్యి దగ్గర కూచో."

అని ఒర్నెల్లా రోజూ కూచునే కుర్చీని ఎలీదెకు జరిపాడు.

ఇక అన్నం దగ్గరా, పొలం దగ్గరా ఒకటే పాట. మన ఎలీదె అలా అంది, మన ఎలీదె ఇలా చేసింది. నాలుగు సీసాలు చేసిన కూతురిని ఏనాడూ ఒక్క మాట మెచ్చుకోని మనిషి! ఒర్నెల్లా అన్నం సగంలోనే వదిలి లేచేది. ఎలీదె ఎదురైతే ముఖం తిప్పుకునేది.

ఒకనాడు బ్యారన్‌లో ఎలీదె ఆమె దగ్గరికొచ్చింది.

"పిల్లా, నీకో సంగతి చెప్పాలి. రేపట్నుంచి నా పక్కన కూచుంటే..."

"నాకెవరూ ఏమీ నేర్పక్కర్లేదు. ఆకుకి పొగ పట్టడం అయింది. మీ పని అయిపోయింది."

ఎలీదె చేతుల బూడిద దులుపుకుంది.

"మీ నాన్నకి చెప్పి వెళ్తాను."

"నేను చెప్తాలెండి."

ఇంకో ఊళ్లో మంచి పని దొరికి వెళ్లిపోయిందని తండ్రికి చెప్పింది. "ఒక్క మాటైనా చెప్పకుండానా?" అని ఆయన నొచ్చుకున్నాడు. ఒర్నెల్లాకు తన కుర్చీ తిరిగి దక్కింది.

సీసా నెలకే ఖాళీ అయింది. ఒర్నెల్లా మళ్లీ కాగితం తీసింది. గంటలు లెక్కపెట్టింది.

ఒలింతో పీల్చి, "బాగానే ఉందమ్మా," అన్నాడు. ఈసారి ఆవు మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున కట్టెల పాక వెనక దగ్గు వినిపించింది. వెళ్లి చూస్తే చుట్ట కాలుస్తున్నాడు.

"నన్నేం చెయ్యమంటావు తల్లీ? ఓర్చుకోలేకపోయాను."

ఒర్నెల్లా అప్పటికప్పుడు బస్సెక్కి పక్క ఊరు అంగియారి వెళ్లింది. ఎలీదె గ్లిజరిన్ కొన్నది అక్కడి తుల్లియో కొట్లోనే.

"బాబాయ్, ఎలీదె ఎక్కడుంటుంది?"

"ఇంకెక్కడ ఎలీదె? పోయిన గురువారమే అర్జెంటీనా వెళ్లిపోయింది, మేనల్లుడి దగ్గరికి. ఇక తిరిగి రానంది."

"మా నాన్నకి ఆవిడ చేసిన సారమే కావాలి. అలాంటి ముక్కు ఇంకెవరికుంది?"

తుల్లియో వింతగా చూశాడు.

"ఆవిడకి ముక్కేమిటి? పట్నంలో చుట్టల కర్మాగారంలో నలభై ఏళ్లు వాసన చూసి ఆకు ఏరిన మాట నిజమే. కానీ పెద్ద జ్వరమొచ్చి వాసన పోయి మూడేళ్లయింది. కాఫీకీ కిరసనాయిలుకీ తేడా తెలీదు పాపం."



"మరి ఆ సారం..."

"అదే చెబుతున్నా. తన విద్య అప్పజెప్పడానికి మంచి ముక్కున్న మనిషి కావాలని ఊరూరా కూలికి తిరిగింది. ఈ ఏడు మీ వైపే ఒక పిల్ల దొరికిందట, నీకేమైనా తెలుసా? వెళ్లే ముందు ఈ స్టూలు మీద కూచుని ఒకటే బాధ: 'నేను వడకట్టానంతే తుల్లియో, ఆ సారం తీసింది ఆ పిల్ల ముక్కే, ఆ మాట చెప్పబోతే నా ముఖం చూడనంది.'"