వంతు తప్పితే

“ఏయ్, లెయ్ పైకి! నా రాజ్యంలో నీకేం పని?”

నవీన్ అరుపుకు కల్లూరు నెట్ సెంటర్లో ఉన్న నలుగురూ తలలు తిప్పారు.

మూడో కంప్యూటర్ ముందు ఖాకీ చొక్కా మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎదురుగా ఉన్న షేర్ ఆటో స్టాండులో ఆ ముఖాన్ని నవీన్ చూశాడు, అంతే. పేరు తెలీదు.

తెర మీద ఉన్నది మాత్రం నవీన్ సైన్యమే. నీలి జెండాలు, రెండు డ్రాగన్లు, ఒక ముసలి మాంత్రికుడు.

క్లాస్‌మేట్ సుదర్శన్‌తో మూడు నెలలుగా ఈ కంప్యూటర్ ఆటలో నడుస్తున్న యుద్ధం అది. పగలు నవీన్ వంతు, సాయంత్రం సుదర్శన్ వంతు. ఒక్కరోజు వంతు తప్పినా రాజ్యం పోయినట్టే. ఓడినవాడు కాలేజీ గేటు ముందు మీసం తీయించుకోవాలి.

అలాంటిది నవీన్ టైఫాయిడ్‌తో పదకొండు రోజులు ఆస్పత్రిలో పడ్డాడు. ఆట ఎటూ పోయిందనుకుని, చివరిసారి చూసుకుందామని వస్తే, ఎవరో ఆటోవాడు తన డ్రాగన్‌ను నడిపిస్తున్నాడు! ఒళ్ళు మండిపోయింది.

“లేచి తిరుగుతాండావా నాయనా! ఒక్క నిమిషం. దీన్ని ఈ వాగు దాటిస్తే...”

“నీకేం తెలుసని ముట్టుకున్యావు? ఆటో తోలుకునే మొగానికి డ్రాగన్లు కావాల్సొచ్చినాయా?”

చొక్కా పట్టుకుని లేపాడు. గుండీ తెగి కింద పడింది. తండ్రి వయసువాడన్న ఇంగితం కూడా లేకపోయింది. మీసం మీదున్న ధ్యాస మర్యాద మీద ఉంటే కదా!

ఆ మనిషి వంగి గుండీ ఏరుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “సేవ్ చేసుకో నాయనా” అని చెప్పి వెళ్ళిపోయాడు.

నవీన్ రొప్పుతూ కూర్చున్నాడు. తన కోటలు లెక్కపెట్టాడు. జబ్బుపడిన రోజు తొమ్మిది. ఇప్పుడూ తొమ్మిదే.

మళ్ళీ లెక్కపెట్టాడు.

ఇంతలో సెంటర్ ఓనరు తేజేశ్వర్ టీలు పట్టుకుని వచ్చాడు.

“నవీనూ! తగ్గిందా? పుల్లయ్యన్న యాడ?”

“పుల్లయ్య ఎవరు?”

“అదేందప్పా! దినామూ నీ వంతు ఆడేదానికి నువ్వు పంపిచ్చినాయప్ప! మొదటి దినం నేను నేర్పిచ్చినా. మూడో దినానికి నాకే నేర్పిస్తాండె. సుదర్శన్ ఒక్క కోట పట్టలేకపాయె.”

“నేనెవర్నీ పంపలేదన్నా...”

నవీన్ బయటికి పరుగెత్తాడు. స్టాండులో ఆటోలు వరుసగా నిలబడి ఉన్నాయి. పుల్లయ్య లేడు. ముందున్న ఆటో డ్రైవర్ బొజ్జన్న అతన్ని ఎగాదిగా చూశాడు.

“పుల్లయ్యన్న యాడుండాడన్నా?”

“అందరి ముందర చొక్కా పట్టుకుంటివి, ఇంగేం మొగం పెట్టుకొని ఉంటాడు? ఈ స్టాండుకే రానని పాయె. సిగ్గుండాల నీకు! జ్వరంలో నిన్ను ఆస్పత్రికి తీసకపోయింది ఆయప్పే. దావంతా ‘నెట్ సెంటర్లో నా వంతు, నా వంతు’ అని కలవరిస్తాండావంట.”

నవీన్ వెనక్కి తిరిగి నెట్ సెంటర్ వైపు చూశాడు.

“దినామూ స్టాండులో తన సీరియల్ నంబరు వచ్చే టయానికి లైను వదిలేసి ఆ సెంటర్లోకి పోతాండె. ‘గిరాకీ పోతాదన్నా’ అంటే ఏమన్యాడో తెలుసునా? ‘నా సీరియల్ పోతే ఇంగో గంటకు వస్తాదిలే, ఆ పిల్లోనిది పోతే మళ్ళ రాదు’ అన్యాడు.”