ఇంజినీరమ్మ ఏసీ

“ఇంకా దగ్గరికి రానీ. ఇంకా. గోడకి తగిలితే నేను చెప్తాగా!”

“తగిలాక చెప్తే ఏం లాభం అక్కా?” అంటూ చెల్లెలు స్టీరింగు తిప్పింది.

వ్యాన్ వంటింటి గోడ పక్కకొచ్చి ఆగింది. మధ్యలో పిల్లి దూరే సందు కూడా మిగల్లేదు. వ్యాన్‌లోని మంచం పక్క కిటికీ, వంటింటి కిటికీ ఎదురెదురుగా నిలిచాయి. నిద్రలో దాహమేస్తే వంటింటి గట్టు మీద, మిక్సీ ప్లగ్గు పక్కనున్న చెంబు చేతికి అందాలని అక్క పట్టు.

బట్టలు కుట్టే దుకాణం మూసేశాక చెల్లెలు ఈ వ్యాన్ కొంది. లోపల మంచం, పొయ్యి, ఓ చిన్న ఏసీ. నెత్తిన సోలార్ పలకలు. అక్కను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం దాకా, ఆ పైన రోడ్డు ఎంతవరకూ ఉంటే అంతవరకూ పోవాలని ఆమె కోరిక. ఒక్కతే తిరగడానికైతే ఆమెకు వ్యానే అక్కర్లేదు.

అక్కేమో, “ఆ డబ్బాలో ఉడకడానికి నేనేమన్నా దుంపనా?” అని వీధివాళ్ళందరి ముందూ అనేసింది. చెల్లెలు పోరగా పోరగా చివరికి అక్కే ఓ పరీక్ష పెట్టింది. నట్టెండలో, ఒక్క ఎండ కరెంటుతోనే, తన మధ్యాహ్నం కునుకు తీరేదాకా ఏసీ ఆగకుండా నడవాలి. నడిస్తే రేపే ప్రయాణం. ఆగితే వ్యాన్ కాఫీ కొట్టాయనకి అమ్మేయాలి.

ఆ కాఫీ కొట్టాయన అప్పుడే టేపు పట్టుకుని వచ్చేశాడు.

“ఇక్కడ కిటికీ కోయిస్తే కప్పులు అందించడానికి బావుంటుందమ్మా.”

“ఇంకా అమ్మలేదు బాబూ.”

“కొలుచుకోవడమే కదమ్మా, నొప్పి పుట్టదు.”

“నాకు పుడుతోంది.”

అక్క దిండు చంకన పెట్టుకుని వ్యాన్ ఎక్కింది. “లోపల గడియ వేసుకుంటున్నా. మాటిమాటికీ తలుపు కొట్టి చల్లగా ఉందా, చల్లగా ఉందా అని నా ప్రాణం తియ్యకు.”

“మధ్యలో ఆగిపోతే?”

“చెమటే లేపుతుందిలే ఇంజినీరమ్మా!”

తలుపు మూసుకుంది. తెరలు దిగాయి. ఏసీ బుర్రుమంది.

చెల్లెలి గుండె కూడా దాంతో సమానంగా బుర్రుమంది. అక్కకి చెప్పని సంగతి ఒకటుంది మరి. ఆమె ఎన్నిసార్లు వేసి చూసినా, అన్నం ఉడికేంత సేపైనా ఆ ఏసీ నడిచిన పాపాన పోలేదు. ఇన్వర్టరు కీచుమని ఓ కేక పెట్టి పడుకునేది. నీడలో నిలిపితే పలకలకి ఎండ చాలదు. ఎండలో నిలిపితే లోపలి వేడికి ఏసీ చాలదు. కొనేముందు ఈ రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసుకునే తెలివి ఆమెకి లేకపోయింది. ఇన్నేళ్ళూ ఊరందరి కొలతలూ తీసిన మనిషి, తన ఏసీ ఆకలి ఎంతో కొలుచుకోలేదు.

పక్కింటి టీవీలో ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. చెల్లెలికి వాళ్ళతో గొంతు కలపాలనిపించింది.

అన్నం ఉడికే సేపు దాటింది. ఏసీ నడుస్తోంది. కూర కూడా ఉడికే సేపు దాటింది. ఇంకా నడుస్తోంది. చెల్లెలు మొదట ఆశ్చర్యపోయింది. తర్వాత నమ్మింది. ఇంకేముంది, ఉపన్యాసం అందుకుంది.

“ఆ కిటికీలకి వెండిరంగు తెరలు నేనే కుట్టాను. రెండేసి కుట్లు. వేడి దూరడానికి సూది మొనంత చోటు లేదు.”

“పలకలు కూడా తళతళలాడుతున్నాయమ్మా.”

“పొద్దున్నే పాత చీరతో తుడిచాను. దానికీ ఓ పద్ధతుంది. ఎవరు పడితే వాళ్ళు తుడవలేరు.”

అంతలో పెద్ద మబ్బొకటి వచ్చి సూర్యుణ్ణి కప్పేసింది. కాఫీ కొట్టాయన ఆశగా టేపు సర్దుకున్నాడు. చెల్లెలు వ్యాన్‌కి చెవి ఆనించింది. ఏసీ మాత్రం ఆ మబ్బుని లెక్కే చెయ్యలేదు.

“మబ్బులో కూడా నడుస్తుందా అమ్మా?” ఆయన నోరు తెరిచాడు.

“మంచి పలకలైతే మబ్బులోంచి కూడా లాగుతాయి,” అంది చెల్లెలు. ఆ సంగతి ఆమె అప్పుడే కనిపెట్టింది.

“అయితే నా కొట్టుకీ ఒకటి బిగించి పెట్టండి.”

“చూద్దాం బాబూ. రేపట్నించి నేను ఊళ్ళో ఉండను కదా.”

అలా అంటుంటేనే కళ్ళ ముందు రోడ్డు కనిపించింది. పక్క సీట్లో అక్క. ‘నెమ్మదిగా పోనీ, చూసి పోనీ, ఎవరే నీకు లైసెన్సిచ్చిందీ’ అని దారి పొడుగునా తిట్లు. ఆ తిట్లు లేకపోతే సముద్రమైనా చప్పగా ఉంటుంది చెల్లెలికి.

ఏసీ ఆగిపోయింది.

పక్కింటి టీవీ ఏడుపుతో సహా వీధంతా ఒక్కసారి మూగబోయినట్టయింది. మనసు విరిగితే చెవులు కూడా పనిచెయ్యవు కాబోలు అనుకుంది చెల్లెలు.

“అయ్యయ్యో,” అంటూ కాఫీ కొట్టాయన సర్రున టేపు లాగాడు.

చెల్లెలు వ్యాన్ మెట్టు మీద కూలబడింది. రెండేసి కుట్ల ఉపన్యాసం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. మబ్బు మాట తల్చుకుంటే మరీ సిగ్గేసింది.

“కొలుచుకోండి బాబూ. కిటికీ ఎక్కడ కోసుకుంటారో కోసుకోండి.”

లోపల గడియ చప్పుడైంది. చెల్లెలు లేచి తప్పుకుంది. తలుపు తెరుచుకుంది. అక్క మొహం నిండా చెమట. కళ్ళలో నిద్ర జాడ లేదు.

“నన్నేం అనకు అక్కా,” అంది చెల్లెలు తల దించుకుని. “నువ్వే గెలిచావు.”

అక్క ఆ మాట విననేలేదు. వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, దిండు మెట్ల మీదికి విసిరికొట్టింది.

“ఈ పాడు కరెంటు ఇప్పుడే పోవాలా!”